ఏనుగుల అడవిలో ఇల్లు చూసుడు: పదకొండో భాగం

పోయిన వారం భాగీరథిని మనం వంటింటి గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఆమె చూపు వంటవాడు వెస్లీ నడుము మీద ఉంది. అతను కట్టుకున్న తెల్లటి ఏప్రాన్ అంచు కింద, పది పన్నెండు తాళపుచెవుల గుత్తి ఒకటి వేలాడుతోంది. కూరలు తరిగే మనిషికి అన్ని తాళాలెందుకు?

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. జహీరాబాద్‌లో ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం నడిపే జగన్‌మోహన్ భార్య భాగీరథి. బిడ్డ మానసకు న్యాల్‌కల్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లగాడి పేరు వీరేశ్. టాంజానియా దేశంలో, రోడ్డు కూడా సరిగా లేని ఒక మహారణ్యంలో, జంతువులను చూడవచ్చే దొరలు దిగే ప్రైవేటు లాడ్జికి మేనేజర్ అన్నారు. ఆ "అన్నారు" దగ్గరే భాగీరథికి ముద్ద దిగలేదు. మూడేళ్ళ కింద ఆమె అక్క బిడ్డ శ్వేతను ఫొటోలు చూసి ఇచ్చేశారు. ఫొటోలో మురిపించిన రెండంతస్తుల ఇల్లు, పెళ్ళయ్యాక చూస్తే పక్కింటివాళ్ళది. ఇల్లు కళ్ళతో చూడనిదే పిల్లనిచ్చేది లేదని ఆ రోజే భాగీరథి ఒట్టు పెట్టుకుంది. ఇల్లు ఆఫ్రికాలో ఉంటే ఆఫ్రికాకే పోవాలి, అంతే.

చుట్టాలు నవ్వారు. దుకాణం ముందు లారీ ఆపుకున్న డ్రైవర్లు కూడా నవ్వారు. అయినా అన్న రామ్‌కిషన్‌ను వెంటబెట్టుకుని రెండు పెద్ద విమానాలు, ఆటో కన్నా రవ్వంత పెద్దదైన ఇంకో విమానం ఎక్కి దిగింది. వచ్చి ఇది మూడో రోజు. రేపు పొద్దున ఆ చిన్న విమానం మళ్ళీ వస్తుంది. ఇవాళ సాయంత్రం ఐదింటికి, ఇక్కడి గడియారంలో రెండున్నరకు, జహీరాబాద్‌లో రెండు పక్షాల పెద్దమనుషులు కూర్చుంటారు. ఫోన్‌లో ఆమె సరే అంటే లగ్గం రాసుకుంటారు. వద్దంటే లేచి ఎవరింటికి వాళ్ళు పోతారు.

ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఆమె ఇంకా ఎటూ తేల్చుకోలేదు.

ఇల్లు చూడటానికి ఒక వరుస ఉంది. ముందు పొయ్యి చూడాలి. తర్వాత నీళ్ళు చూడాలి. ఆ తర్వాత పక్కింటివాళ్ళను అడగాలి, అందులోనూ వాళ్ళతో పడని వాళ్ళుంటే ముందుగా వాళ్ళనే అడగాలి. ఇక్కడ నీళ్ళంటే ఏరు, ఏట్లో మొసళ్ళు. పక్కిల్లంటే ఆ ఒడ్డున బురదలో కడుపు ఆనించి పడుకున్న నీటిగుర్రాలు.

"పోయి అడుగు మరి చెల్లె, పిల్లగాడు తాగుతడా అని," అన్నాడు రామ్‌కిషన్ మొదటి రోజే. మెడలో బైనాక్యులర్ వేసుకున్న క్షణం నుంచి ఆయన పెళ్ళి మాటే మరిచిపోయాడు. "ఇంత దూరమొచ్చి ఏనుగులను చూడవేందే?"

"ఏనుగులనేం జూసుడు? పిల్లగాన్ని చూడొచ్చిన నేను. ఏనుగుకు మన పిల్లనిస్తున్నమా?"

ఇవాళ కూడా ఆయన పొద్దున్నే మిగతా అతిథులతో జీపెక్కి పోయాడు. మధ్యాహ్నం తిండి డబ్బాల్లో కట్టించుకుని మరీ పోయాడు. సాయంత్రం గానీ రాడు.

పద్ధతుల్లో ఇంకొకటి కూడా ఉంది. సంబంధం ఖాయం కానిదే ఆ ఇంటి ఉప్పు ముట్టకూడదు. ఉప్పు తిన్నాక వద్దనే నోరు రాదు. అందుకే నలభై కడక్ రొట్టెలు, పల్లీల పొడి, నిమ్మకాయ తొక్కు మూటగట్టి తెచ్చుకుంది భాగీరథి. ఆమెను దింపిన డేరా మాత్రం గొప్పగా ఉంది. కింద చెక్కలు పరిచి, మంచానికి తెల్లటి దోమతెర కట్టి, పెళ్ళిపందిరిలా ఉంది. మూట చూడగానే వెస్లీ చెప్పాడు.

"డేరల తిండి పెట్టుకోవద్దు పెద్దమ్మా. కోతులొస్తయి. ఇటియ్యుండ్రి, వంటింట్ల పెట్టిస్త."

వెస్లీది కోహీర్. ఏడేళ్ళయిందట ఇక్కడికొచ్చి. మన వైపు మనిషే కదా అని ముందు సంబరపడినా, ఆ మాటతో ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. నా మూట మీద ఈయనకేం పని? నా తిండి లాక్కుంటే వాళ్ళ తిండి తింటాననా? తలూపి, మూటను పరుపు కింద దాచింది. నిన్న మధ్యాహ్నం కొండముచ్చుల్లాంటి పెద్ద పెద్ద కోతులు డేరా జిప్పు మనుషుల్లాగా తీసుకుని లోపలికొచ్చి, నలభైలో మిగిలిన ముప్పై నాలుగూ తినిపోయాయి. తొక్కు సీసా మాత్రం మూత తీసి, వాసన చూసి, పక్కన పెట్టిపోయాయి. అప్పటినుంచి ఆమె కడుపులో నాలుగు పుట్నాలు, నీళ్ళు తప్ప ఏమీ లేవు.

కడుపు ఖాళీగా ఉంటే అనుమానం ఇంకా పదునెక్కుతుంది. మూడు రోజులుగా చూస్తున్నవి ఒక్కొక్కటీ పోగయ్యాయి. జీపు డ్రైవర్ పొద్దున బయల్దేరే ముందు ఏ దారిన పోవాలో అడిగాడు. భాష తెలియకపోయినా చూపు తెలుస్తుంది కదా, ఆ చూపు మేనేజర్ వీరేశ్ వైపు కాదు, వంటవాడు వెస్లీ వైపు పోయింది. ఇంత ఉక్కలో వీరేశ్ ఇస్త్రీ చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని తిరుగుతున్నాడు. ఏదైనా అడిగితే, "జర ఆగుండ్రి, చూసి చెప్త" అని వంటింటి వైపు పోయి వచ్చి చెప్తాడు. ఇప్పుడు ఈ తాళాలు.

భాగీరథికి కోహీర్ దగ్గర ఒక పిల్లగాడి సంగతి గుర్తొచ్చింది. గల్ఫ్‌కు పోతే అక్కడి సేటు పాస్‌పోర్ట్ గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తల్లి చనిపోతే కూడా పంపలేదు. వీరేశ్ మేనేజర్ కాడేమో. పేరుకు మేనేజర్, లోపల ఖైదీ. ఇతనే కాపలా. పెళ్ళయ్యాక మానస పాస్‌పోర్ట్ కూడా ఆ గుత్తిలోని ఏదో ఒక తాళం వెనక్కి పోతుంది. ఆ తర్వాత బిడ్డ ఏడ్చినా వినిపించేది నీటిగుర్రాలకే.

"ఏం కావాలె పెద్దమ్మా?" అన్నాడు వెస్లీ, ఆమెను చూసి.

"పొయ్యి కావాలె." భాగీరథి లోపలికొచ్చింది. "జొన్నపిండి ఉన్నదా మీ తాన?"

"ఉన్నది. ఇక్కడోళ్ళు అంబలి లెక్క కాసుకుంటరు."

"అయితే నాకొక రొట్టె చేసియ్యి. చెయ్యి నొస్తున్నది, నాతోని కాదు."

వెస్లీ నవ్వాడు. "మా తిండి ముట్టనంటిరి?"

"జొన్నరొట్టెల ఉప్పు పడది. ఉప్పు తినకపోతే మాట తప్పినట్టు కాదు."

"మానస చెప్పనే చెప్పింది, మీతోని మాటలల్ల గెలువలేమని..." అంటూ అతను నాలుక కరుచుకున్నాడు.

"మానస నీకెప్పుడు చెప్పింది?"

"నాకేడ చెప్తది? వీరేశ్ చెప్పిండు. మానస వీరేశ్‌కు చెప్పిందంట."

సరే అన్నట్టు తలూపింది భాగీరథి. మనసులో మాత్రం ఇంకో ముడి పడింది. స్టూలు మీద కూర్చుని అతని చేతులు చూస్తూ ఉండిపోయింది.

గోడ వారగా కోతులు తీయలేని గట్టి మూతల డ్రమ్ములున్నాయి. వెస్లీ మొదటిది తీశాడు, బియ్యం. రెండోది, మక్క పిండి. మూడోది తీసి మూతి చిట్లించి మూశాడు, చక్కెర. నాలుగో దాంట్లో దొరికింది జొన్నపిండి. గిన్నెలో పోసి కుండలో నీళ్ళు ముంచి పోశాడు. చన్నీళ్ళు! భాగీరథి పెదవి కొరుక్కుంది. మన వైపు ఎనిమిదేళ్ళ పిల్లనడిగినా చెప్తుంది, ఎసరు నీళ్ళు పోయనిదే జొన్నపిండి జిగి కట్టదని. అతని వేళ్ళు మెత్తగా ఉన్నాయి. కత్తిగాటు లేదు, నూనె చిట్లిన మచ్చ లేదు. కుడి చూపుడువేలు మీద మాత్రం పెన్ను సిరా అంటి ఉంది.

రొట్టె పీట మీద రెండు తట్లకే పగిలి మూడు ముక్కలైంది. వెస్లీ ముక్కలను దగ్గరికి తోసి అతికించబోయాడు.

"ఎన్నేండ్ల సంది వంట చేస్తున్నవ్ నువ్వు?"

"ఏడేండ్లు."

"ఏడేండ్ల సంది ఏం తిని బతుకుతున్నరు నాయినా ఈడి మనుషులు?"

వెస్లీ గట్టిగా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. భాగీరథి లేచి నిలబడింది.

"ఆ తాళాలు ఏంటియి?"

"స్టోర్ రూంవి."

"స్టోరుకు పన్నెండు తాళాలా? నేనేం చదువుకోలేదు గని, గుడ్డిదాన్ని కాదు. చెప్పు. వీరేశ్ పాస్‌పోర్ట్ ఏడ పెట్టినవ్?"

"ఏంది?"

"పాస్‌పోర్ట్! మీరు పిల్లగాన్ని కట్టేసుకున్నరు. వాడు నీ మొహం జూడనిది నోరు తెరుస్తలేడు. నా బిడ్డను గూడ తెచ్చి ఈ అడవిల మూసిపెడుదామనుకున్నరా?"

"పెద్దమ్మా, జర కూసోండ్రి, నీళ్ళు తాగుండ్రి..." వెస్లీ ఒక అడుగు ముందుకేశాడు.

భాగీరథి కొంగు చాటు నుంచి చెయ్యి బయటికి తీసింది. చేతిలో చిన్న డబ్బా ఉంది. ప్రతి డేరాలో మంచం పక్కన పెట్టే హారన్ అది. జంతువేదైనా మీదికొస్తే నొక్కమని చెప్పారు, నొక్కితే కావలివాళ్ళు తుపాకులతో ఉరికొస్తారట. ఇవాళ పొద్దున్నుంచి ఆమె దాన్ని నడుముకు దోపుకునే తిరుగుతోంది.

"దగ్గరికి రాకు!"

"అయ్యో, అది నొక్కకుండ్రి..."

నొక్కింది.

ముంబై రోడ్డు మీద పోయే ఏ లారీ హారనూ దాని ముందు పనికిరాదు. ఏటి ఒడ్డు చెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ముగ్గురు కావలివాళ్ళు, వాళ్ళ వెనకే చెప్పులు కూడా లేకుండా వీరేశ్, వంటింట్లోకి దూసుకొచ్చారు.

"ఏమైంది అత్తమ్మా? పామా?"

"ఇంక అత్తను కాలే!" అంది భాగీరథి, హారన్ ఇంకా పట్టుకునే.

కావలివాళ్ళు వచ్చిన ఊపులోనే ఆగి చూశారు, వెస్లీ వైపు. తుపాకీ ఉన్న పెద్దాయన కూడా వెస్లీ వైపే చూశాడు. వెస్లీ వాళ్ళ భాషలో రెండు ముక్కలన్నాడు. ముగ్గురూ తలవంచి బయటికి పోయారు. వీరేశ్ మాత్రం ఉండిపోయాడు. ఈ లోపల పొయ్యి మీద ఉత్త పెంక కాలి పొగలు కమ్ముతోంది.

అప్పుడు జరిగింది, ఒక్క క్షణంలో. వీరేశ్ భాగీరథినే చూస్తూ, పొయ్యి వైపు తల కూడా తిప్పకుండా, ఎడమచేయి వెనక్కి చాపాడు. గోడ మేకుకున్న పాతగుడ్డ చేతికొచ్చింది. పెంక పక్క రాళ్ళ మీదికి దిగింది. కుడిచెయ్యి కిందికి పోయి రెండు కట్టెలు వెనక్కి లాగింది. మంట తగ్గింది.

భాగీరథి ఆ చేతినే చూసింది. కరెంటు పోయిన చీకట్లో తన వంటింట్లో పోపుడబ్బా ఇట్లాగే చేతికొస్తుంది తనకు. చూడకుండా చెయ్యి పోయేది ఒక్క సొంత వంటింట్లోనే.

ఆమె హారన్ బల్ల మీద పెట్టింది. గొంతు తగ్గించింది.

"బాబూ, నాకొక రొట్టె చేసియ్యి."

వీరేశ్ వెస్లీని చూశాడు. వెస్లీ కింద నేల చూశాడు.

"ఆయనను ఏం జూస్తవ్? ఆయన చేసింది గక్కడున్నది, మూడు ముక్కలు. నువ్వు చెయ్యి."

వీరేశ్ చొక్కా చేతుల గుండీలు విప్పాడు, ముందు ఎడమది, తర్వాత కుడిది. మోచేతుల దాకా మడిచాడు. ముంజేతుల నిండా నూనె చిట్లిన చుక్కలు. పొయ్యి అంచు తగిలి పడిన పాత వాత ఒకటి నల్లగా, పొడుగ్గా ఉంది. మూడు రోజులు ఈ ఉక్కలో ఇస్త్రీ చొక్కా దాచింది వీటినే.

నాలుగో డ్రమ్ము మూత నేరుగా తీశాడు. ఎసరు మరిగాక పిండి మధ్యలో గుంట చేసి పోసి, గరిటెతో తిప్పి, చెయ్యి పట్టేంత వేడి రాగానే మణికట్టుతో వత్తడం మొదలుపెట్టాడు. వత్తీ వత్తీ ముద్ద నున్నగా మెరిసేదాకా ఆపలేదు. పీట మీద పొడి పిండి చల్లి అరచేత్తో తట్టాడు. తట్టుతుంటే రొట్టె దానంతట అది తిరుగుతోంది. వంటింట్లో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తడిగుడ్డతో పైన నీళ్ళు తుడిచి, తిరగేసి, చివరికి నిప్పుల మీద నిలబెడితే పూరీలాగా పొంగింది.

న్యాల్‌కల్ బస్టాండు దగ్గర వీరేశ్ తల్లి నాగమ్మ చిన్న ఖానావళి నడిపిందని భాగీరథికి తెలుసు. కన్నడం మాట్లాడే లారీవాళ్ళు ఆమె రొట్టె కోసం అక్కడే ఆగేవాళ్ళట. ఆ చేతి రొట్టె ఎట్లా ఉండేదో ఇప్పుడు అర్థమైంది.

వీరేశ్ రొట్టె పళ్ళెంలో పెట్టి ఆమె ముందు ఉంచాడు. ఆమె ముట్టలేదు.

"మేనేజర్‌వి నువ్వా, ఈయననా?"

వెస్లీ నడుము నుంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను, పెద్దమ్మా. మూడొద్దుల కోసం మార్చుకున్నం. నన్ను తిట్టుండ్రి, వాణ్ని గాదు. వానికి అబద్ధమాడ రాదు, నేనే ఒప్పించిన."

"పెద్ద వంటోడు వీరేశే," అని మళ్ళీ తనే అన్నాడు. "వీడి చేతి తిండి కోసం పోయినేడు వచ్చిన దొరలే మళ్ళ వస్తరు. సింహాల కోసం గాదు."

"నువ్వు ఊకో." భాగీరథి వీరేశ్ వైపు తిరిగింది. "ఎందుకు బాబూ? వంట చేసుడు తప్పని నేనన్ననా? మీ అవ్వ ఖానావళి నడిపిందంటే నేనొక్క మాటన్న అన్ననా? నేను ముప్పై ఏండ్ల సంది వండుతున్న, నాకు సిగ్గున్నదా? వంటోనివైతే వంటోన్ననాలె. నేను ఇంత దూరం, ప్రాణాలు అరచేతుల పెట్టుకుని, ఇల్లు చూడొచ్చిన. మీరు నాకు నాటకం చూపించిన్రు. శ్వేత అత్తింటోళ్ళు పక్కింటి ఫొటో చూపించిన్రు, మీరు పక్కోని నౌకరి చూపించిన్రు. ఏం ఫరక్ ఉన్నది?"

వీరేశ్ మొహం నల్లబడింది. "నేను చెప్పిన అత్తమ్మా. దాచలే. మొదటి దినమే చెప్పిన."

"ఎవరికి చెప్పినవ్?"

అతను తల వంచుకున్నాడు.

"ఎవరికంటే చెప్పవేంది?"

"మానసకు."

బయట ఏట్లో నీటిగుర్రం ఒకటి ముసలాయన గురకలాగా శబ్దం చేసింది. భాగీరథి స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మొదటి సారి ఫోన్ల మాట్లాడినప్పుడే చెప్పిన, నేను వంట చేస్త అని," అన్నాడు వీరేశ్. "మస్తు నవ్వింది. నాకు వంట రాదు, మంచిగైంది అన్నది. రెండో రోజు మళ్ళ ఫోన్ చేసింది. అమ్మకు జెప్పకు అన్నది."

"ఎందుకంట?"

"మీకు నిద్ర పట్టదని. మంట, నూనె, కత్తులు... రోజు ఫోన్ చేసి పది వేళ్ళు చూపియ్యమంటరని." అతను కొంచెం నవ్వబోయాడు, ఆమె నవ్వలేదు. "మేనేజర్ అంటే కుర్చీల కూసుంటడు, అమ్మ నిమ్మళంగుంటది, పెండ్లైనంక మెల్లగ నేనే చెప్త అన్నది. మీరు ఇల్లు చూడొస్తరని ఎవరనుకున్నరు? మీరు టికెట్ తీసుకున్నంక ఏం జెయ్యాల్నో తెల్వక..."

ఆ తర్వాత అతను ఏమన్నాడో ఆమె వినలేదు. ఎప్పుడో ఇంటర్ చదివేటప్పుడు మానస స్కూటీ మీద నుంచి పడి, మోచేతి ఎముక చిట్లితే, దవాఖానకు తండ్రితో పోయి పట్టీ కట్టించుకుని, మూడు వారాలు పొడుగు చేతుల డ్రెస్సులు వేసుకుని తిరిగింది. అమ్మకు చెప్పొద్దు, ఫికర్ చేస్తది అనుకున్నారట ఇద్దరూ. తర్వాత తెలిసి ఇద్దరినీ తిట్టింది భాగీరథి. ఆ రోజు వాళ్ళ మీద కోపం వచ్చింది. ఇవాళ ఆ కోపం ఎవరి మీదికి పోవాలో తెలియక లోపల్లోపలే తిరిగింది. ప్రతి దానికీ కీడు తలిచే తల్లికి బిడ్డ మేలు మాత్రమే చెప్తుంది. అందులో ఏది నిజమో ఆ తల్లికి ఎట్లా తెలుస్తుంది?

అయినా అబద్ధం అబద్ధమే. దీన్ని ఇక్కడ కాదు తేల్చుకోవాల్సింది. అందరి ముందర, బిడ్డ మొహం చూస్తూ తేల్చుకోవాలి.

రెండున్నరకు వీరేశ్ జేబులో ఫోన్ మోగింది. లాడ్జిలో నెట్టు అందేది ఆఫీసు గదికి, దాన్ని ఆనుకున్న ఈ వంటింటికి మాత్రమే. అతను ఫోన్ ఆమె చేతికిచ్చాడు. తెర మీద జగన్‌మోహన్ మొహం అడ్డంగా వచ్చి నిలువైంది. దుకాణం వెనక గది అది. వెనకాల ట్రాక్టర్ బెల్టుల కింద కుర్చీలు వేసి నలుగురైదుగురు కూర్చున్నారు. పంచాంగం తెరిచి, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు లగ్గం రాసే మహాదేవప్ప అయ్య.

"ఏమే, మంచిగున్నవా? ఏనుగు తొక్కలేదు గద?" అన్నాడు జగన్‌మోహన్. కుర్చీల్లో నవ్వులు.

నాగమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఏం వదినా, ఇల్లు నచ్చిందా? మా పిల్లగాడు మూడొద్దులు ఉపాసం పెట్టలేదు గద?"

"నేనే ఉన్న వదినా ఉపాసం," అంది భాగీరథి. వీరేశ్ చేసిన రొట్టె ఎదురుగానే చల్లారుతోంది. "ఇంటి సంగతి చెప్త. దానికన్న ముందుగాల మానసను పిలువుండ్రి. ఫోన్ దానికియ్యి. అందరి ముందల దాన్నొక మాట అడగాలె."

జగన్‌మోహన్ మొహంలో నవ్వు అట్లాగే ఉండి, కళ్ళు మాత్రం మారాయి.

"మానసనా? మానస ఈడేడున్నది?"

"ఈడ లేదంటే?"

"నీ తానకే వచ్చే గద. నువ్వే ఫోన్ చేసి రమ్మన్నవంట?"

"నేనా?"

"నిన్న పొద్దుగాల పోయింది. అమ్మ ఒక్కతే తేల్చుకోలేకపోతున్నది నాయినా, నన్ను గూడ వచ్చి ఇల్లు చూసుకొమ్మన్నది, టికెట్ గూడ వాళ్ళే పంపిన్రు అన్నది. మీతోపాటు తీసిన పాస్‌పోర్ట్ ఉండె గద, అది పట్టుకున్నది. హైదరాబాద్ బస్సు నేనే ఎక్కిచ్చిన. ఇంక రాలేదా?"

మొన్నటి నుంచి భాగీరథి ఫోనే ముట్టలేదు.

"ఏమే? మాట్లాడవేంది? దిగినంక ఫోన్ చేస్తనన్నది. అడవిల సిగ్నల్ లేదేమో అనుకున్న. భాగీ? నీ తానికి రాలేదా అది?"

తెర మీద ఆయన మొహం అట్లాగే నిలిచిపోయింది, నోరు సగం తెరుచుకుని. నెట్టు పోయింది. వెస్లీ తాళాలు తీసుకుని ఆఫీసు గదికి పరుగెత్తాడు.

భాగీరథి వీరేశ్ వైపు తిరిగింది. అతని మడిచిన చొక్కా చేతిని పట్టుకుంది.

"నువ్వు రమ్మన్నవా దాన్ని?"

"లేదు."

"రమ్మంటే రమ్మన్ననను బాబూ. నేనేమనను. ఒట్టు, ఒక్క మాటన్న అనను. టికెట్ పంపిన అను, రేపటి విమానంల దిగుతదను, ఇప్పుడే సరే అంట, ఇప్పుడే లగ్గం రాసుకొమ్మంట. రమ్మన్నవా?"

"లేదు అత్తమ్మా. నాలుగు దినాల సంది మానస నా ఫోనే ఎత్తుతలేదు. మీరు పరేషానైతరని చెప్పలే."

మూడు రోజులు ఆ మొహంలో అబద్ధం కోసమే వెతికింది భాగీరథి. దొరికిన ప్రతిసారీ, చూసినవా, నేననుకున్నదే అనుకుంది. ఇప్పుడు మళ్ళీ వెతికింది. కళ్ళల్లో, పెదవుల మీద, చెమట పట్టిన నుదుటి మీద వెతికింది.

ఎంత వెతికినా లేదు. అతను నిజమే చెప్తున్నాడు.

ఇంకొక్క అబద్ధమాడు నాయినా అని, దేవుడికి మొక్కినట్టు, ఆమె అతని చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.